ముంగిస మెడలో గంట

పెరట్లో గుడ్లు పోతుంటే అందరూ కాకిని తిట్టారు. ముంగిస మాత్రం నేల వాసన పట్టి, జెర్రిపోతు కన్నం చూపించాడు.

"నలుగురి మేలు కోరి నిజం తవ్వినవాడికి ఇదే బహుమానం!" అంటూ కాపలా కుక్క అందరి ముందూ అతని మెడలో ఇత్తడి గంట కట్టింది.

"కాపలా కాయాల్సిన కుక్కకి నీమీద ఇంత ప్రేమ ఎందుకురా?" అంది ముసలి పెట్ట.

"నీకన్నీ అనుమానాలే అవ్వా!"

జెర్రిపోతును తరిమేసినా గుడ్లు మళ్లీ పోయాయి. ముంగిస గంట గణగణలాడిస్తూ ఎంత పరిగెత్తినా, చేరేసరికి గంప ఖాళీ. మూడోనాటికి పెట్ట మాట గుర్తొచ్చింది.

"అవ్వా, ఈ తాడు తెంపు."

ఆ మధ్యాహ్నం చప్పుడు లేకుండా గంప దగ్గరికి వెళ్లాడు. మూతినిండా పచ్చసొనతో కుక్క ఉలిక్కిపడి తలెత్తింది.

"గంట ఏదిరా?" అని గద్దించింది.