తూకం రోజు

నాంచారమ్మ పందిపిల్లల పొడిని కూతురి గంజిలో కలుపుతోందని కుళాయి దగ్గర ఏలీశమ్మ అందట. సాయంత్రానికల్లా ఆ మాట పందుల కంపెనీ సూపర్‌వైజర్ చెవిన పడింది.

కందులూ సోయా ఊళ్లోకి రావడం మానేశాక, పాలు మరిచిన పందిపిల్లలన్నీ కంపెనీ ఇచ్చే నీలం పొడితోనే బతుకుతున్నాయి. చిటికెడు చల్లితే చాలు, ఉత్త తవుడు కూడా ఒంటికి పడుతుంది. నాంచారమ్మ తన పందిపిల్లల్లో అన్నిటికన్నా బక్కదాని వంతు పొడి తీసి, మూడేళ్లొచ్చినా నడవలేని కూతురికి పెట్టింది. ఆ బక్కది చచ్చిపోయింది. కూతురు మొన్న గోడ పట్టుకుని నిలబడింది.

తూకం రోజున సూపర్‌వైజర్ దూలానికి జోలె తక్కెడ కట్టి, పందిపిల్లల్ని ఒక్కొక్కటిగా అందులో వేశాడు. లెక్కకు ఒకటి తగ్గింది.

"ఇక నీకు పొడి ఇవ్వం. అది పందుల కోసం చేసిందమ్మా. మనుషుల ఒంట్లో ఏం చేస్తుందో ఎవరూ చూళ్లేదు."

వాకిట్లో మూగిన ఆడవాళ్లలో ఏలీశమ్మ కూడా ఉంది. చంకలోని మనవడి మూతికి అంటిన నీలాన్ని ఆమె గబగబా కొంగుతో తుడిచింది.

నాంచారమ్మ కూతుర్ని తెచ్చి ఖాళీ జోలెలో కూర్చోబెట్టింది.

"పందుల్ని వారం వారం తూస్తన్నారు. మా పిల్లల్ని ఎప్పుడన్నా తూశారా సారూ?"