ముక్కాలిపీట

సామాన్లన్నీ లారీ ఎక్కిన రోజున ముక్కాలిపీట ఒక్కటే కనిపించకుండా పోయింది.

"వంటగదిలోనే పెట్టాను మేస్త్రీ," అన్నాడు సామాన్లు మోసే జఖార్.

చెర్నివ్‌త్సి ఊళ్ళో ఇళ్ళ సామాన్లు మార్చేవాళ్ళు ఏ ఇంట్లోనైనా ఒక్క పీటనో కుర్చీనో చివరిదాకా ఉంచుతారు. బయల్దేరేముందు ఇంట్లోవాళ్ళు నిమిషంసేపు మాట్లాడకుండా కూర్చుంటారు. లేకపోతే కీడని, అలా కూర్చోనిదే ఎవరూ గడప దాటరు.

ఇల్లు అమ్మేసిన ఎమీలియా ఖాళీ గది మధ్యలో నిలబడి ఉంది. నల్ల శాలువా అంచుకు అంటిన మట్టి దులుపుకుంటోంది.

"పోనీ ఈ పెట్టె మీద కూర్చోండి పిన్నిగారూ," అన్నాడు మేస్త్రీ మిరోన్. "చీకటి పడేలోగా కొండదారి దాటాలి. మీ చెల్లెలుగారు ఎదురుచూస్తూ ఉంటారు."

"పీట మా ఆయన చేతులతో చేసింది. దాని మీద కూర్చోందే కదలను. ఆయన్ని అంబులెన్సువాళ్ళు ఒక్క నిమిషం కూర్చోనివ్వలేదు. తిరిగొచ్చాడా?"

మిరోన్ పెట్టెను పక్కకు జరిపాడు.

"నీ మనిషి దుప్పటి చాటున ఏదో పట్టుకుని దిగాడు. చూశాను," అందామె, కిటికీకేసి తిరిగి.

జఖార్ పనిలో చేరి ఎన్నాళ్ళో కాలేదు. మిరోన్ అతణ్ణి మెట్ల దగ్గర ఆపాడు.

"దుప్పట్లో ఏముందిరా?"

"అద్దం. ఆ పీట ఎత్తుకెళ్ళి నేనేం చేసుకుంటాను మేస్త్రీ, గుర్రమని ఎక్కి ఊరేగనా?"

"వేళాకోళం తర్వాత. ముందు వెతుకు."

ఎక్కించిన సామానులో సగం మళ్ళీ కిందికి దించారు. పరుపుల మధ్య లేదు. బీరువా వెనక లేదు. చివరికి మిరోన్ జఖార్ కూర్చునే సీటు ఎత్తి చూశాడు. అక్కడా లేదు.

జఖార్ మొహం నల్లబడింది. చేతి తొడుగులు ఊడదీసి లారీ మెట్టు మీద పెట్టాడు.

"నమ్మకం లేని చోట రేపట్నుంచి పని చెయ్యను. ఇంకో మనిషిని చూసుకో."

మిరోన్ పైకి వెళ్ళాడు. ఇల్లు కొన్న దంపతులు గుమ్మం బయట గోడకానుకుని ఉన్నారు.

"ఇంకా ఎంతసేపండీ?" అని అడిగింది ఆ ఇల్లాలు.

"కాసేపమ్మా." లోపలికొచ్చి, "నేలమాళిగ ఒక్కటే చూడలేదు పిన్నిగారూ," అన్నాడు.

"అందులో ఏముంది? బంగాళాదుంపలు కూడా లేవు. ఎప్పుడో తాళం వేశాను." ఆమె చెయ్యి మెడలోని తాడు మీదికి వెళ్ళి, దాని చివర ఉన్న తాళంచెవిని గుప్పిట్లో మూసింది.

బయట వాన లేదు. వీధంతా పొడిగానే ఉంది. మిరోన్ ఆ శాలువా అంచున మిగిలిన తడిమట్టికేసి చూశాడు. ఇంకేమీ అడగకుండా కిందికి దిగి, తొడుగులు తీసి జఖార్ చేతిలో పెట్టాడు.

"వేసుకో. నిన్ను అనుమానించడం నా తప్పు."

"పీట దొరికిందా? బయల్దేరదామా మరి?"

"తొందరేం లేదులే. రా, కూర్చో."

ఇద్దరూ లారీ మెట్టు మీద కూర్చున్నారు.

నేలమాళిగలో పీట దాచిన ఎమీలియా ఇంకా కూర్చోలేదు.