వంటింటి పీపా

ఇప్పుడు మడకశిర వైపు ఇంటింటా ఓ ఓక్ చెక్క పీపా ఉంటోంది. లోపలి నల్లద్రాక్ష వైన్ పండిందో లేదో అదే చెబుతుంది. అది ఒప్పుకోనిదే మూత రాదు.

కూతురి నిశ్చితార్థం నాడు సుంకులమ్మ వంటింట్లో పీపా ముందు నిలబడింది.

"ఇంగా పచ్చిగానే ఉందమ్మా," అంది పీపా.

"మూడేండ్లుగా ఇదే మాట! వియ్యపురాలి ముందర నా పరువు తీస్తావా?"

పీపా గొణుక్కుంటూ మూత వదిలింది.

వైన్‌లో నేరేడుపండు వగరు, కాల్చిన కొబ్బరి వాసన, చివర్లో మిరియాల ఘాటు. వియ్యపురాలు కళ్లు మూసుకుని గుటకేసి, మళ్లీ గ్లాసు చాపింది.

సుంకులమ్మ మొగుడు ఓబులేసు పీపాలోకి తొంగి చూశాడు. "సగమే ఉందేంది?"

"రోజూ రుచి చూడకుంటే పండిందని ఎట్ల చెప్పేది?" అంది పీపా.

ఓబులేసు పెళ్లాం వైపు తిరిగాడు. "దీన్ని వంటింట్లో పెట్టొద్దంటి గదా! వేటకూర ఉడికేలోపల నువ్వు రుచి పేరుతో సగం తినేది చూసే ఇది నేర్చుకునింది!"