నడుం కొలత

“ఒక్క ఇంచి బిగించవే. మీ అమ్మకి చెప్పకు, ఊరికే కంగారు పడుతుంది,” అంటూ నాన్న తన ప్యాంటు నా ఒళ్లో పడేశాడు.

మా టైలరింగ్ షాపు వెనక గదిలో నేను గుండీలు కుడుతున్నాను. ముందు గదిలో అమ్మ మిషను గడగడా నడుస్తోంది.

ప్యాంటు తిరగేసి చూశాను. నడుం దగ్గర అప్పటికే మూడుసార్లు బిగించి ఉంది. చేతి కుట్లన్నీ వెనక్కి వాలి ఉన్నాయి. మా ఇంట్లో ఎడమచేతి వాటం అమ్మ ఒక్కదానికే.

“అమ్మకి తెలుసు నాన్నా. డాక్టరుకి చూపిద్దాం.”

నాన్న ఆ కుట్లని వేలితో నిమిరాడు. చాలాసేపు నిమిరాడు.

“చూపించడానికేముందే? ఈ గుడ్డే అంత. ఉతికినకొద్దీ సాగుతుంది.”

మిషను ఆగింది. అమ్మ గుమ్మంలోకి వచ్చి ప్యాంటుని చూసింది, మమ్మల్ని చూసింది.

“పనికిమాలిన గుడ్డ. అమ్మినవాణ్ణి అనాలి,” అంది. “కొత్తది కుట్టేస్తాను. కొలత తియ్యి.”

కొలతల పుస్తకంలో నాన్న పేజీ తెరిచింది. పోయినేడాది రాసింది అందులో ఉంది: నడుం, ముప్పై ఆరు.

నాన్న బుద్ధిగా చేతులెత్తి నిలబడ్డాడు. టేపు చుట్టాను. ముప్పై దగ్గర కలిసింది.

నాన్న గోడకేసి చూస్తున్నాడు. అమ్మ పెన్సిలు పట్టుకుని పుస్తకంలోకి చూస్తోంది.

“ఎంతే?”

“ముప్పై ఆరు,” అన్నాను.

అమ్మ రాసుకుంది.