ముందు పోయే వాటా

వాన మొదలై రెండు గంటలైంది. అత్యవసర ఫోన్లు అందుకునే ఆ హాల్లో ఆపరేటర్లెవరికీ తల ఎత్తే తీరిక లేదు. వాళ్ళ వెనక అద్దాల గదిలో, సర్వర్లు చూసుకునే ఆమె తెర మీది ఎర్ర గీతను చూస్తూ కూర్చుంది. మెమరీ తొంభై రెండు శాతం నిండింది.

ఆ సర్వర్ ఒక పెద్ద ఇల్లనుకుంటే, అందులో నాలుగు వాటాలు. వాటినే కంటైనర్లంటారు. ఒక వాటా ఫోన్లను ఆపరేటర్లకు కలుపుతుంది. ఒకటి అంబులెన్సులకు దారి చెబుతుంది. ఒకటి పై అంతస్తు అధికారుల గోడ మీద రంగుల మ్యాపు గీస్తుంది. నాలుగోది మాట్లాడని ఫోన్లను వింటుంది. అవతల ఎవరూ పలకకపోతే ఆ ఫోన్ దానికి వెళుతుంది. మూలుగో, తట్టిన చప్పుడో వినిపిస్తే దాన్ని వెంటనే మనిషికి అప్పగిస్తుంది. హాల్లో అందరూ దాన్ని మూగ వాటా అంటారు.

నలుగురికీ నీళ్ళ ట్యాంకు ఒక్కటే. అదే మెమరీ. ఇంటి యజమాని కెర్నెల్. నీళ్ళు తగ్గితే ముందు అందరూ నింపి దాచుకున్న బిందెలు వెనక్కి తీసుకుంటుంది. అప్పటికీ చాలకపోతే ఒకరిని మెడపట్టి బయటికి గెంటుతుంది. ఎవరినన్నది అది ఊరికే తేల్చదు. ప్రతి వాటా తలుపు మీదా ఆమె ఒక అంకె రాసి ఉంచుతుంది. వెయ్యి ఉన్నవాళ్ళు అందరికంటే ముందు పోతారు. గెంటేసిన వాటా నిమిషంలో మళ్ళీ తెరుచుకుంటుంది. కానీ ఆ క్షణాన అందులో ఉన్న ఫోన్లన్నీ తెగిపోతాయి.

మేనేజరు తలుపు తోసుకుని వచ్చాడు. ఆయన ఈ ఆఫీసుకు వచ్చి ఆరు నెలలే అయింది.

"మూగ వాటాకి వెయ్యి పెట్టమ్మా. పోతే అదే పోతుంది."

"పెట్టను సార్."

ఆయన కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని నచ్చచెప్పాడు. అవి నూటికి తొంభై అయిదు జేబులో నొక్కుకుపోయినవీ, పిల్లలు ఆడుకుంటూ నొక్కినవీ అన్నాడు. ఎక్కడో మిగిలిన అయిదుగురి కోసం నోరున్న వాళ్ళందరినీ ముంచుతామా అన్నాడు. ఆ లెక్కలో తప్పు లేదని ఆమెకు తెలుసు. అందుకే భయం.

"మునుపు దానికి వెయ్యే ఉండేదట కదా? ఎవరో బుర్ర ఉన్నవాళ్ళే పెట్టి ఉంటారు. నువ్వెందుకు తీసేశావ్?"

"బుర్ర ఉన్నవాళ్ళు కాదు సార్."

"ఏమిటమ్మా ఇంత పంతం. ఆ వాటాలో మీ చుట్టాలెవరైనా అద్దెకున్నారా?"

ఆమె నవ్వలేదు. తెర మీదనుంచి చూపు తిప్పలేదు.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కూడా ఆమె చెవిలో ఆ ఫోన్ల రికార్డులే ఉంటాయి. ఫ్యాను చప్పుడు, బట్టల రాపిడి, ఎవరిదో ఊపిరి. ఒక్కోటి మూడుసార్లు వింటుంది. ఇంట్లో ఆ మౌనం చాలదూ, ఇక్కడ కూడా అదేనా అని, అందరూ అక్కా అని పిలిచే పెద్ద ఆపరేటరు ఒకసారి మందలించింది. నిజమే. అమ్మ ఆమెతో మాట్లాడి రెండేళ్ళయింది. పొద్దున డబ్బా కట్టి బల్ల మీద పెడుతుంది. సాయంత్రం దాన్ని కడిగి బోర్లిస్తుంది. అంతే. కూతురు పెళ్ళికి ఒప్పుకోలేదని అలక కాబోలు అంటారు ఇరుగమ్మా పొరుగమ్మా. ఆమె కాదనదు.

తొంభై ఆరు. కెర్నెల్ బిందెలన్నీ వెనక్కి లాగేసుకుంది. ఇక గెంటడమే మిగిలింది.

"ఇది ఆర్డరమ్మా," అన్నాడు మేనేజరు.

"రంగుల మ్యాపుకి పెడతాను సార్, వెయ్యి."

"పై వాళ్ళ గోడ నల్లబడితే నన్ను ఇంటికి పంపిస్తారు."

"నా పేరు చెప్పండి. నన్ను పంపిస్తారు."

ఆమె నాలుగంకెలు కొట్టింది. అర నిమిషంలో కెర్నెల్ మ్యాపు వాటా తలుపు తట్టింది. పై అంతస్తులో గోడ నల్లబడింది. ఎర్ర గీత కిందికి దిగింది.

పది నిమిషాలు గడిచాయో లేదో, మూగ వాటా ఒక ఫోన్‌ను అక్కకు అప్పగించింది. మాట లేదు. గోటితో తడుతున్న చప్పుడు. ఆగి, మళ్ళీ తట్టారు.

"మీరు మాట్లాడొద్దమ్మా, నేను ఉన్నాను," అంది అక్క. "అవునంటే ఒకసారి తట్టండి. పడిపోయారా?"

ఒక్కసారి తట్టారు.

అంబులెన్సు వెళ్ళేసరికి ఒక ముసలావిడ స్నానాల గది గుమ్మంలో పడి ఉంది. మూతి ఒక పక్కకు లాగేసింది. ప్రాణం ఉంది. ఆసుపత్రి నుంచి ఆ కబురు రాగానే హాల్లో కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

మేనేజరు మళ్ళీ అద్దాల గదిలోకి వచ్చాడు. మ్యాపు సంగతి తాను చూసుకుంటానన్నాడు. జరిగిందంతా పై వాళ్ళకు రాద్దాం, మొదటినుంచీ రాయమన్నాడు.

"మొదట ఆ వెయ్యి పెట్టిన మహానుభావుడి పేరు కూడా రాయమ్మా. ఎవరి ప్రాణం తీశాడో వాడికి తెలియనైనా తెలియదు."

ఏ అంకె ఎవరు ఎప్పుడు మార్చారో చూపే జాబితాను ఆమె తెరిచింది. అక్క ఎప్పుడు వచ్చిందో, వెనకనుంచి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇవాళొద్దులే. తర్వాత రాద్దువుగాని."

ఆమె వినలేదు. అడుగున ఉన్న వరుస దాకా వెళ్ళింది.

ఆ వెయ్యి పక్కన ఉన్నది ఆమె పేరే. ఆ తేదీ, రెండేళ్ళ కిందట గ్యాసు నిండిన వంటింట్లో నేల మీద పడి, నోట మాట రాక, ఆమె చెల్లెలు ఈ హాలుకే చేసిన ఫోన్ తెగిపోయిన రోజుది.