పెద్ద తొట్టి

“ఈ రెండూ ఒకే నీళ్లలో బతకవు ఆంటీ. పొద్దున్నకి ఒకటే మిగుల్తుంది,” అన్నాడు షహ్రుల్.

రెండు బకెట్లలో రెండు పసుపు చేపలున్నాయి. పళ్లెంలా పలచని ఒళ్లు, తోక మొదట్లో చాకుమొనలాంటి ముల్లు. ఒకటి గైక్ ఎంగ్‌ది. రెండోది ఆ ఉదయమే ఫెర్రీ ఎక్కి, బటర్‌వర్త్ నుంచి సూ యిన్‌తో పాటు పెనాంగ్ దీవికి వచ్చింది.

“అందుకేగా నీ చేత ఇంత పెద్ద తొట్టి కట్టించింది,” అంది గైక్ ఎంగ్. “దీని ఇంట్లోకి అది వస్తే ఇది పొడుస్తుంది. దాని ఇంట్లోకి ఇది వెళ్లినా అంతే. ఇల్లు రెండింటికీ కొత్తదయితే ఏది దేన్ని పొమ్మంటుంది?”

“మాట బాగానే ఉంది. చేపలు వినాలిగా.”

కొత్త తొట్టి హాల్లో ఒక గోడంతా ఆక్రమించింది. దాని కోసం గైక్ ఎంగ్ సోఫాని పక్కింటివాళ్లకి ఇచ్చేసింది. రాళ్లు పేర్చి, ఉప్పునీళ్లు నింపి నెల దాటింది. నీళ్లు కుదురుకున్నాయని షహ్రుల్ పరీక్ష చేసి చెప్పాకే ఈ ఆదివారం ముహూర్తం పెట్టుకున్నారు. రెండిళ్ల చిన్న తొట్లలోని పగడాలన్నీ బేసిన్లలో వరసగా ఉన్నాయి. ఇల్లంతా సముద్రం వాసన.

సూ యిన్ మోకాళ్ల మీద కూర్చుని, కలపడానికి ఇంకో బకెట్‌లో ఉప్పు కరిగిస్తోంది.

“ఆయనైతే వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, చాలిందో లేదో చెప్పేసేవాడు,” అంది గైక్ ఎంగ్.

“మా ఇంట్లోనూ అంతే అక్కా. మీటరు కొనుక్కోమంటే కోపం.”

“ఈ పిచ్చి ఉన్న పాతకాలం వాళ్లంతా అంతే,” అని నవ్వాడు షహ్రుల్.

ఇద్దరూ నిరుడు వానల్లోనే భర్తను పోగొట్టుకున్నవాళ్లు. గైక్ ఎంగ్‌కి అరవై దగ్గర పడ్డాయి. సూ యిన్‌ది ఆమె కంటే పదిహేనేళ్లు చిన్న వయసు. ఇకనుంచి ఈ ఇంట్లోనే ఉండబోతోంది. తలుపు పక్కన రెండు పెట్టెలు ఇంకా విప్పకుండా ఉన్నాయి.

“మీరిద్దరూ అక్కచెల్లెళ్లా?” అని అడిగాడు షహ్రుల్, గొట్టం బిగిస్తూ.

“కాదు,” అంది సూ యిన్. “అక్కని మొదట ఒక చావు దగ్గర చూశాను, దూరం నుంచి. తర్వాత కొన్నాళ్లకి నా తొట్టి పాడైంది. పంపు ఆగిపోయి, నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. మా ఇంట్లో ఆయన నన్నెప్పుడూ తొట్టి మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. నాకేం తెలీదు. ఎవరిని అడగాలా అంటే అక్క ఒక్కతే తట్టింది. వచ్చి తలుపు కొట్టాను. మొహం మీదే వేసేస్తుందనుకున్నా.”

“చేప బాలేదంటే ఎవరైనా తలుపేస్తారా?” అన్నాడు షహ్రుల్.

“నేను వేద్దామనే అనుకున్నా,” అంది గైక్ ఎంగ్. “ఏడుస్తూ ఒక మనిషి. చేతిలో ప్లాస్టిక్ సంచి. సంచిలో ఇదిగో, ఈ చేప. మూతి పైకి పెట్టి ఊపిరి కోసం కొట్టుకుంటోంది. మనుషుల సంగతి తర్వాత చూద్దాంలే అనుకుని, ముందు దాన్ని నా నీళ్లలో ఒక జల్లెడబుట్టలో వేశాను.”

“వేసి, పంపూ ఉప్పుమూటా పట్టుకుని నాతో ఫెర్రీ ఎక్కింది,” అంది సూ యిన్. “దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. అయినా ఎక్కింది.”

షహ్రుల్ హాల్లో లైట్లు ఆపాడు. చీకట్లో అయితే కొంచెం తగ్గి ఉంటాయని. రెండు చేపల్నీ ఒకేసారి నీళ్లలోకి జారవిడిచారు. అవి ఒకదాన్నొకటి చూశాయి. ఒకటి తోక విసిరింది. రెండోది రాళ్ల వెనక్కి తప్పుకుని, మళ్లీ ముందుకు వచ్చింది. సూ యిన్ గైక్ ఎంగ్ చెయ్యి పట్టుకుంది. గైక్ ఎంగ్ విడిపించుకోలేదు.

చాలాసేపు చుట్లు తిరిగాయి. ఇద్దరూ నిలబడే చూశారు. చివరికి ఒకటి రాతికి ఈ కొస నాచు కొరకడం మొదలెట్టింది. రెండోది ఆ కొసన మూతి పెట్టింది.

“పర్లేదు ఆంటీ. మీ లెక్కే నెగ్గింది,” అని షహ్రుల్ సామాను సర్దుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇద్దరూ తొట్టి ముందు నేల మీదే కూర్చుని నూడుల్స్ తిన్నారు.

“పొద్దున మా తమ్ముడు ఫోన్‌లో తిట్టాడు. ఆ మనిషిని ఇంట్లో పెట్టుకుంటావా అని,” అంది గైక్ ఎంగ్.

సూ యిన్ గిన్నె కింద పెట్టింది. “ఏమన్నావు?”

“నా సోఫానే ఇచ్చేసుకున్నాను, ఇంక నువ్వెవడివిరా చెప్పడానికి అన్నా.”

సూ యిన్ నవ్వబోయింది. కళ్లు నిండాయి. “నీ రుణం ఎలా తీర్చుకోను అక్కా?”

“నువ్వు తీర్చేదేం లేదు. నేనే నీకు చెప్పాలి. పోయినవాడి మీద కోపం ఎవరితో చెప్పుకుంటాం? ఎవరితో అన్నా చచ్చినవాణ్ణి తిట్టకు అంటారు. బెంగ చెప్పుకుందామంటే అదీ సిగ్గే. నీ దగ్గరైతే ఏదీ వివరం చెప్పక్కర్లేకపోయింది. ఈ ఏడాది నేను మనిషిలా ఉన్నానంటే నీ వల్లే.”

బేసిన్లలోంచి తొట్టిలోకి మార్చిన పగడాలు మెల్లగా విచ్చుకుంటున్నాయి. గైక్ ఎంగ్ లేచి, గోడ మీద తన భర్త ఫోటో ఉన్న పూజ అర దగ్గర అగరుబత్తులు వెలిగించి, సగం సూ యిన్ చేతికిచ్చింది. సూ యిన్ తన పెట్టె విప్పి, పాతగుడ్డలో చుట్టిన భర్త ఫోటో బయటికి తీసింది. దాన్ని గుండెకి ఆనించుకుని అక్కడే ఆగిపోయింది.

“ఇక్కడ పెట్టనా అక్కా?”

“పెట్టు. నాది కాస్త పక్కకి జరుపు.”

జరిపి పెట్టింది.

రెండు ఫోటోల్లోనూ ఉన్నది ఒకే మనిషి.