నలభై ఎనిమిది

"పీకెయ్యండి దాన్ని! చెప్తే ఎవరూ వినరేం?" సైదాబీ మూడోసారి అరిచింది.

"నానమ్మా, దాని మీద చెయ్యేశావంటే నీతో మాట్లాడను," అంది నజ్మీన్, మిరప మొక్కకి అడ్డంగా నిలబడి.

వారం రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. మే నెల ఎండల్లో సైదాబీ పెయింట్ డబ్బాలో నాటిన గుప్పెడు గింజల్లో బతికిందిదొక్కటే. దీని తీరే వేరు. ఆకులు తమలపాకులంత. పువ్వులు మామూలు వాటికి రెట్టింపు. కాయలు మాత్రం ఏడే, పొట్టిగా, లావుగా.

వ్యవసాయ కాలేజీ హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదువుతోంది నజ్మీన్. సెలవులకొచ్చినప్పుడు దీని వేరు కొసలు తీసుకెళ్లి మైక్రోస్కోపు కింద చూసింది. మిరపకి ఉండాల్సినవి ఇరవై నాలుగు క్రోమోజోములు. దీనికి నలభై ఎనిమిది!

"ఎండదెబ్బమ్మా. ఆ వేడికి కణం క్రోమోజోముల్ని రెట్టింపు చేసుకుంది గానీ రెండుగా విడిపోలేకపోయింది. నా థీసిస్ ఇదే. రేపు మా సారు చూడ్డానికి వస్తున్నారు."

"అన్నీ రెట్టింపైతే కాయలూ రెట్టింపు కాయాలిగా? ఏడు కాయలకి రోటిపచ్చడి కూడా రాదు," తల్లి నస్రత్ నవ్వింది. "అయినా మీ నానమ్మ నాటింది నేను ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు తనే పీకమంటుందేంటి?"

"నా మొక్క, నా ఇష్టం!" అంది సైదాబీ.

తండ్రి సిలార్ తల గోక్కున్నాడు. "మరి అదే ఎండ మిగతా డబ్బాల్లో మొక్కలకీ తగిలిందిగా తల్లీ?"

నజ్మీన్‌కి తెలుసు, సారు అడగబోయేదీ ఇదే. ఈ ప్రశ్న దగ్గర తడబడితే థీసిస్ మొదటికొస్తుంది.

"ఎండ కాకపోతే ఒకటే దారి నాన్నా. గింజల్ని కాల్చిసిన్ అనే మందు కలిపిన నీళ్లలో నానబెట్టాలి. ల్యాబులో అలాగే చేస్తాం. మన పెరట్లోకి ఆ మందు ఎలా వస్తుంది చెప్పు?"

సిలార్ ఒప్పుకున్నాడు. నస్రత్ కూడా తలూపింది. సైదాబీ మాత్రం కీళ్లవాతంతో వాచిన కాలు ఈడ్చుకుంటూ వెళ్లి అరుగు మీద కూర్చుంది. తర్వాత ముగ్గుర్నీ దగ్గరికి పిలిచి, ఎప్పుడూ లేనంత మెల్లగా చెప్పింది.

"రేపట్నుంచి డాక్టరిచ్చిన ఆ కాల్చిసిన్ మాత్ర నేనే మింగుతాలే గానీ, గింజలు నానేసిన గ్లాసులో ఉమ్మను."